ముల్కీ నాటి ముచ్చట

మంటకు దగ్గరగా జరగండి. ఆ కందికంప ఇంకో పిడికెడు వెయ్యి నాయనా, మొద్దు తడిగా ఉన్నట్టుంది, పొగ వస్తోంది. సరే. రాజ్యాంగ సవరణ అంటే ఢిల్లీ వాళ్ళ గొడవ కదా, మనకెందుకు తాతా అన్నావు. కాదు బిడ్డా. ఒక సవరణ కాగితాలు నా చేతుల మీదుగానే నడిచాయి. దానికి ముందు కోర్టు తీర్పు ఒకటి పండగ పూట మన ఇంట్లో పొయ్యి వెలగనివ్వలేదు. ఆ ముచ్చట చెబుతాను, వినండి.

మన ఖమ్మం అప్పట్లో నిజాం రాజ్యం. మనకు మధిర ఎంత దూరమో, అవతలి నందిగామ కూడా అంతే దూరం. అయితే నందిగామ మద్రాసు రాష్ట్రం కింద, బ్రిటిషు వాళ్ళ ఏలుబడిలో ఉండేది. పెళ్ళిళ్ళకు సరిహద్దు లేదు, ఉద్యోగాలకు ఉంది. 1919లో నిజాం ఒక ఫర్మానా ఇచ్చాడు: సర్కారు కొలువులు ముల్కీలకే ఇవ్వాలి అని. ముల్కీ అంటే ఈ రాజ్యంలో పుట్టినవాడు, లేదంటే వరుసగా 15 ఏళ్ళు ఇక్కడ ఉండి, ఇక తిరిగి పోనని రాసిచ్చినవాడు. బయటి నుంచి ఉత్తరాది వాళ్ళు, మద్రాసు వైపు వాళ్ళు వచ్చి కొలువుల్లో కూర్చుంటున్నారని ఇక్కడ చదువుకున్న పిల్లల బాధ. ఆ బాధ ఉత్తదేం కాదు. చదువే ఆలస్యంగా వచ్చిన నేల ఇది.

మా నాయన భూమి పట్టాలతో పాటు నా ముల్కీ సర్టిఫికెట్ కూడా రేకు పెట్టెలో దాచాడు. తాసిల్దారు సంతకం, కింద ఊదారంగు రబ్బరు ముద్ర. మడతల దగ్గర చిరిగితే వెనక గుడ్డపేలిక అతికించాడు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున ఆ ఒక్క కాగితాన్నీ ఆఫీసులో నాలుగు చోట్ల చూపించాను.

దేశానికి రాజ్యాంగం వచ్చింది 1950లో. అందులో 16వ అధికరణం ఏమంటుందంటే, ప్రభుత్వ ఉద్యోగాల్లో అందరికీ సమాన అవకాశం, పుట్టిన ఊరు, ఉండే ఊరు చూసి ఎవరినీ కాదనకూడదు. కానీ మూడో క్లాజులో ఒక మినహాయింపు పెట్టారు. ఫలానా రాష్ట్రంలో నివాసం ఉండి తీరాలని షరతు పెట్టే అధికారం పార్లమెంటుకు ఇచ్చారు, పార్లమెంటుకే. రాష్ట్రాలకు లేదు. మరి అప్పటికే ఉన్న ముల్కీ నిబంధనల మాటేమిటి? 35వ అధికరణం వాటిని కాపాడింది. పార్లమెంటు రద్దు చేసేదాకా అట్లాంటి పాత చట్టాలు నడుస్తాయంది. ఈ రెండు అధికరణాలూ గుర్తుపెట్టుకోండి. తర్వాత ఇరవై ఏళ్ళ తగాదా అంతా వీటి మధ్యనే.

1952లో హైదరాబాదులో ముల్కీ గొడవ లేచింది, సిటీ కాలేజీ దగ్గర కాల్పులయ్యాయి, పిల్లలు చనిపోయారు. అప్పుడు నేను పలకా బలపం వయసువాణ్ణి, పెద్దవాళ్ళు చెప్పుకుంటే విన్నదే. 1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు, తెలంగాణ వాళ్ళ ఉద్యోగాలకు రక్షణ ఉంటుందని పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. ఆ నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మరుసటి ఏడు పార్లమెంటు ఒక చట్టం చేసింది. దేశమంతటా నివాస షరతులు తీసేస్తూనే, తెలంగాణ ఉద్యోగాలకు మాత్రం అయిదేళ్ళ పాటు ఉంచుతాం అంది. ఆ అయిదేళ్ళను పొడిగిస్తూ పోయారు.

రాసుకున్నది రాసుకున్నట్టు జరిగితే గొడవే లేదు. జరగలేదు. 1969 జనవరిలో పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల దగ్గర మొదలైన అసంతృప్తి ఖమ్మానికి వచ్చింది. రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చున్నాడు. మేమంతా గుంపులుగా చూడ్డానికి పోయాం. ఇక అక్కణ్ణించి తెలంగాణ అంతా అంటుకుంది. ప్రభుత్వం దిగివచ్చి, ముల్కీలు కానివాళ్ళను వెనక్కి పంపుతాం అని ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉద్యోగులు సుప్రీంకోర్టుకు పోయారు. మార్చి 28న తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా గారి ధర్మాసనం అన్నది ఇది: నివాస షరతు పెట్టే అధికారం పార్లమెంటుకు ఉంది, కానీ అది రాష్ట్రం మొత్తానికే. రాష్ట్రంలో ఒక భాగంలో ఉండాలి అనడానికి 16వ అధికరణం ఒప్పుకోదు. కాబట్టి తెలంగాణకు సంబంధించిన ఆ సెక్షన్ చెల్లదు.

చూశారా, ఒప్పందం రాసుకున్నదేమో ఒక ప్రాంతం కోసం, రాజ్యాంగం ఇచ్చిన అధికారమేమో రాష్ట్రం కోసం. 1956లో ఒప్పందం చేసుకున్నప్పుడే రాజ్యాంగంలో దానికి చోటు చేసి ఉంటే ఇదంతా ఉండేది కాదని నా నమ్మకం. అప్పుడు పెట్టింది శాసనసభలో ప్రాంతీయ సంఘం ఒక్కటే. ఉద్యోగాల హామీని మామూలు చట్టం మీద నిలబెట్టారు. ఆ చట్టం కోర్టులో నిలవలేదు. 1969లో ఎంతమంది పిల్లలు తూటాలకు పోయారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. 1971 ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి ఇక్కడి 14 లోక్‌సభ సీట్లలో 10 గెలిచింది. ఆ సెప్టెంబరులో కాసు బ్రహ్మానందరెడ్డి గారు దిగిపోయి పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు.

అప్పుడు ఇంకో ప్రశ్న లేచింది. 1957 చట్టంలో తెలంగాణ సెక్షన్ పోయిందనుకుందాం. మరి నిజాం నాటి అసలు ముల్కీ నిబంధనలు బతికి ఉన్నట్టా, పోయినట్టా? 1972 ఫిబ్రవరిలో మన హైకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా, అవి ఇక లేవు అంది. అక్టోబరు 3న సుప్రీంకోర్టు దాన్ని తిరగరాసింది. తెలంగాణ సెక్షన్ చెల్లనప్పుడు, దానితో కలిపి చేసిన రద్దు కూడా తెలంగాణ వరకు చెల్లదు. ఆ నిబంధనలు 35వ అధికరణం నీడన బతికే ఉన్నాయి, అంది.

ఇక్కడ మా ఇంటి ముచ్చట చెప్పాలి. మా అక్కను నందిగామ వైపు ఇచ్చాం. మా బావకు హైదరాబాదులో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. మంచివాడు, పనిమంతుడు. అంటే నేను ముల్కీని, ఆయన నాన్ ముల్కీ. ఆ ఏడు దీపావళికి ఇద్దరూ మన ఇంటికి వచ్చారు. ఆయన గడపలో చెప్పులు విడుస్తూనే, "ఏరా, ఇక నా కుర్చీ నీదే" అన్నాడు. "అట్లా అనకండి బావా" అన్నాను. "అనక? పదేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు చెప్పేవాడు లేడు. మీ నిజాం పోయి పాతికేళ్ళవుతోంది, ఆయన ఫర్మానా నా మీదకు ఇప్పుడు వచ్చింది" అన్నాడు. నేను ఊరుకోలేదు. "మా ఊళ్ళో బీఏ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు ఎంతమందో చూస్తారా బావా? మాకిచ్చిన మాట పదహారేళ్ళుగా ఎవరు నిలబెట్టారు?" అన్నాను. మాటా మాటా పెరిగింది. మా అక్క పొయ్యి దగ్గర నుంచి లేచిపోయింది. పండగ పూట ఇంట్లో వంట కాలేదు. మా అమ్మ అర్ధరాత్రి ఉప్పుపిండి చేసి అందరికీ పెట్టింది.

ఆయన తప్పు లేదు, నా తప్పూ లేదు. ఇద్దరం న్యాయమైన మాటే మాట్లాడుకున్నాం.

ఇక ఆ తీర్పు మీద కోపంతో సరిహద్దు అవతల, వేరే ఆంధ్ర రాష్ట్రం కావాలని జై ఆంధ్ర ఉద్యమం మొదలైంది. తెన్నేటి విశ్వనాథం గారు, గౌతు లచ్చన్న గారు, కాకాని వెంకటరత్నం గారు ముందు నడిచారు. ఉప ముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డి గారు రాజీనామా చేసి అందులో దిగారు. నవంబరులో ఇందిరాగాంధీ గారు అయిదు సూత్రాలు ప్రకటించినా ఆగలేదు. డిసెంబరులో ఎన్జీవోలు, అంటే నాన్ గెజిటెడ్ ఉద్యోగులు, సమ్మెకు దిగితే నెలల తరబడి అక్కడ ఆఫీసు తలుపు తెరవలేదు. రైళ్ళు నిలిచిపోయాయి. నందిగామ నుంచి ఉత్తరం రాక మా అమ్మ రోజూ పోస్టుమాన్ కోసం అరుగు మీద కూర్చునేది. అక్కడా కాల్పులు, అక్కడా పిల్లలే పోయారు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన పెట్టారు.

ఇదే నెలల్లో ఢిల్లీలో ఇంకొకటి జరుగుతోంది, మాలో ఎవరికీ దాని మీద ధ్యాస లేదు. సుప్రీంకోర్టులో 13 మంది జడ్జిలు కూర్చుని కేశవానంద భారతి కేసు వింటున్నారు. పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు మార్చవచ్చు అనేది ప్రశ్న. అంతకుముందు 1967లో మన రాజమండ్రి వారు కోకా సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తిగా ఉండి, ప్రాథమిక హక్కుల జోలికి అసలు రాకూడదు అని గోలక్‌నాథ్ కేసులో తీర్పిచ్చారు. ఇప్పుడు 13 మందిలో ఏడుగురు, మార్చవచ్చు గానీ మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు, అన్నారు. ఆ ఏడుగురిలో మన హైదరాబాదు వారు జస్టిస్ పి. జగన్మోహనరెడ్డి గారు ఉన్నారు. తీర్పు తేదీ 1973 ఏప్రిల్ 24. ఇది పెద్దవాళ్ళ ఆస్తుల గొడవ అనుకున్నాం. పదమూడేళ్ళ తర్వాత అదే తీర్పు మన చిన్న ఉద్యోగులకు అక్కరకొచ్చింది. అక్కడికి వస్తాను.

1973 సెప్టెంబరు 21న రెండు ప్రాంతాల నాయకులు ఆరు సూత్రాలకు ఒప్పుకున్నారు. ఈసారి మాత్రం మామూలు చట్టంతో సరిపెట్టలేదు. రాజ్యాంగాన్నే మార్చారు. 32వ సవరణ. 1974 జులై 1 నుంచి అమలు. 371డి అనే కొత్త అధికరణం వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌కు ఒక్కదానికే. 371ఇ కింద హైదరాబాదులో కేంద్ర విశ్వవిద్యాలయం వచ్చింది. ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. 1969లో కోర్టు ఏ అధికారం లేదందో, ఆ అధికారమే 371డిలో రాసిపెట్టారు: రాష్ట్రంలోని వేరు వేరు ప్రాంతాల వాళ్ళకు ఉద్యోగాల్లో, చదువుల్లో న్యాయంగా వాటా వచ్చేట్టు రాష్ట్రపతి ఉత్తర్వు ఇవ్వవచ్చు. పదో క్లాజులో, రాజ్యాంగంలో మరెక్కడ ఏమున్నా ఈ అధికరణమే చెల్లుతుందన్నారు. 16వ అధికరణం ఇక అడ్డురాదు.

1975 అక్టోబరులో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. మా ఆఫీసు సెక్షన్లో దాన్ని మొదట చదివినవాళ్ళలో నేనొకణ్ణి. రాష్ట్రాన్ని ఆరు జోన్లు చేశారు. మన ఖమ్మం, వరంగల్లు, కరీంనగర్, ఆదిలాబాదుతో కలిపి అయిదో జోను. హైదరాబాదు ఆరో జోను. ఎల్డీసీ, అంటే గుమాస్తా స్థాయి ఉద్యోగాల్లో 80 శాతం ఆ జిల్లా లోకల్ వాళ్ళకు, దానిపై నాన్ గెజిటెడ్ ఉద్యోగాల్లో 70 శాతం జోను వాళ్ళకు, కొన్ని గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం. లోకల్ అంటే ఎవరు? తాత ముత్తాతలు ఎక్కడివాళ్ళని అడగలేదు బిడ్డా, ఇది గమనించండి. పదో తరగతి పరీక్ష రాసిన ఏడుతో ముగిసే వరుస నాలుగేళ్ళు ఎక్కడ చదివావో అదే నీ లోకల్. నిజాం ఫర్మానాకు కావలసినవి 15 ఏళ్ళు, ఇక్కడ సరిపోయేవి నాలుగు. శ్రీకాకుళంలో పుట్టి ఖమ్మంలో బడికి పోయిన పిల్లవాడు ఖమ్మం లోకల్. ఇది ఎవరి తలలో పుట్టిందో గానీ మేలైన ఆలోచన.

ఆ రోజు నుంచి బడి హెడ్‌మాస్టర్ సంతకానికి తాసిల్దారు సంతకమంత విలువ వచ్చింది. నా బల్ల మీద స్టడీ సర్టిఫికెట్లు కట్టలు కట్టలుగా ఉండేవి. అడ్మిషన్ నంబరు, చేరిన తేదీ, తరగతి, ఏడు. ఒక్క ఏడు గ్యాప్ ఉంటే ఆ పిల్లవాడు బతిమాలేవాడు, సార్, ఆ ఏడు జబ్బు చేసి బడి మానేశాను అని. నేను ఫైలులో నోటు రాసి పైకి పంపేవాణ్ణి.

ఉత్తర్వు మంచిదే, అమలులోనే మెలిక పడింది. 80 శాతం పోగా మిగిలిన 20 శాతం అందరికీ పోటీ. అంటే లోకల్ పిల్లలు కూడా ఆ 20లో ప్రతిభతో రావచ్చు. కానీ చాలా చోట్ల దాన్ని నాన్ లోకల్ కోటా అన్నట్టు నింపుకుంటూ పోయారు. 1985లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వానికి అధికారుల కమిటీ లెక్క తేల్చి ఇచ్చింది: తెలంగాణ జోన్లలో 58,962 మంది నాన్ లోకల్ ఉద్యోగులు. ఆ డిసెంబరు 30న 610 జీవో ఇచ్చారు, మార్చి ఆఖరుకల్లా వెనక్కి పంపాలని. మార్చి వచ్చింది, పోయింది. ఆ జీవో నంబరు ఇరవై ఏళ్ళ పాటు ఊరేగింపుల్లో నినాదంగా బతికింది.

ఇప్పుడు కేశవానంద తీర్పు దగ్గరికి వస్తున్నా. 371డిలో ఉద్యోగుల తగాదాలకు ఒక ట్రిబ్యునల్ పెట్టారు. హైకోర్టుకు పోనక్కర్లేదు, త్వరగా తేలుతుంది అన్నారు. మంచిదే. కానీ అయిదో క్లాజులో ఏముందంటే, ట్రిబ్యునల్ తీర్పును రాష్ట్ర ప్రభుత్వం ఖాయం చేస్తేనే, లేదా మూడు నెలలు గడిస్తేనే అది అమలవుతుంది. ఆ మూడు నెలల్లో కారణాలు రాసి తీర్పును ప్రభుత్వం మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. ఆలోచించండి. కేసు ప్రభుత్వం మీద. ఓడింది ప్రభుత్వం. ఓడినవాడే తీర్పును కొట్టేయవచ్చు!

నాకు తెలిసిన గుమాస్తా ఒకాయన, ఏ శాఖో చెప్పను, సీనియారిటీలో అన్యాయం జరిగిందని ట్రిబ్యునల్‌కు పోయాడు. పెళ్ళాం పుస్తెలతాడు కుదువ పెట్టి వకీలు ఫీజు కట్టాడు. గెలిచాడు. ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాడు. గడువు ఇంకా పది రోజులుందనగా, ఆ తీర్పును రద్దు చేస్తున్నామని ప్రభుత్వం నుంచి ఒక పేజీ ఉత్తర్వు వచ్చింది. దాన్ని ఆయన చేతికిచ్చి సంతకం తీసుకోవలసిన పని నాది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి, "మరి కోర్టు ఎందుకు పెట్టారండీ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు 1986 డిసెంబరులో వచ్చింది. సాంబమూర్తి కేసు. ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి గారి ధర్మాసనం. కేసులో ఒక పక్షమైన ప్రభుత్వానికి తీర్పును తోసిపుచ్చే అధికారం ఇస్తే చట్టబద్ధ పాలన అన్నదే మిగలదు, అది రాజ్యాంగ మౌలిక స్వరూపానికి విరుద్ధం, కాబట్టి ఆ అధికారం చెల్లదు అన్నారు. ఒక్కసారి మనసుపెట్టి చూడండి. అది మామూలు చట్టం కాదు, పార్లమెంటు మూడింట రెండు వంతుల మెజారిటీతో రాజ్యాంగంలోనే రాసిన మాట. దాన్ని కూడా కోర్టు తీసేసింది. లోకల్ వాటా, జోన్లు, ట్రిబ్యునల్ అన్నీ ఉంచింది. రెండు ప్రాంతాలు కష్టపడి కుదుర్చుకున్న ఒప్పందాన్ని ముట్టుకోలేదు. ప్రభుత్వం గుప్పిట్లో పెట్టుకున్న పెత్తనాన్ని మాత్రం తీసేసింది. నా సర్వీసులో నేను చదివిన తీర్పుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. తర్వాత 1997లో చంద్రకుమార్ కేసులో ఏడుగురు జడ్జిలు, ట్రిబ్యునల్ తీర్పుల మీద హైకోర్టుకు పోయే దారి మూయకూడదని కూడా తేల్చేశారు.

తర్వాతది మీలో పెద్దవాళ్ళకు గుర్తే. రాష్ట్రపతి ఉత్తర్వులో 14వ పేరా కొన్ని కొలువులకు ఈ లోకల్ లెక్కలు వర్తించవంది. సచివాలయం, శాఖాధిపతుల ఆఫీసులు, ఇంకా, ఎఫ్ క్లాజులో, హైదరాబాదు నగర పోలీసులు. 2009 అక్టోబరు 9న సుప్రీంకోర్టు ఆ క్లాజును ఉన్నదున్నట్టు చదివి, నగర పోలీసు ఉద్యోగాలకు లోకల్ రిజర్వేషన్ లేదంది. పత్రికలు హైదరాబాదు ఫ్రీ జోన్ అని రాశాయి. కోర్టు కొత్తగా ఏమీ చెప్పలేదు, 1975లో రాసిందే చెప్పింది. కానీ జనానికి అది నలభై ఏళ్ళ గాయం మీద తగిలింది. నవంబరు 29న కె. చంద్రశేఖర్‌రావు గారు ప్రత్యేక తెలంగాణ కోసం నిరాహారదీక్షకు సిద్దిపేట పోతుంటే పట్టుకుని మన ఖమ్మం జైలుకే తెచ్చారు. నాలుగు దశాబ్దాల క్రితం దీక్ష మొదలైన ఊరికే. డిసెంబరు 9 రాత్రి తెలంగాణ ప్రకటన వచ్చింది. ఆ ఎఫ్ క్లాజును 2011లో ఎత్తేశారు గానీ, అప్పటికి మాట దాన్ని దాటి చాలా దూరం పోయింది.

రాష్ట్రం 2014లో విడిపోయినా 371డి పోలేదు. విభజన చట్టంలో దానికి తెలంగాణ పేరు కూడా చేర్చారు. ఇప్పుడు రెండు రాష్ట్రాలకూ ఉంది. మనకు 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి వాటా 95 శాతం అయింది. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా నాలుగేళ్ళు ఎక్కడ చదివావో చూస్తున్నారు. మరీ 95 ఎక్కువేమో, అయిదు శాతంలో బయటి పిల్లవాడికి తలుపు చాలా సన్నమైపోయిందేమో అని నాకు అనిపిస్తుంది. మీరు ఒప్పుకోరు, తెలుసు.

మా బావ ఉద్యోగం పోలేదు. హైదరాబాదులోనే రిటైరయ్యాడు. ఆయన కొడుకు అక్కడే చదివాడు కాబట్టి ఉస్మానియా పరిధిలో లోకల్ కిందే ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్నాడు. విభజన తర్వాత వాళ్ళు విజయవాడ తరలిపోయారు. బావ మనవడి చదువేమో అంతా హైదరాబాదు బళ్ళలో. పాత లెక్కన వాడు ఆంధ్రాలో నాన్ లోకల్. కానీ 2016లో ఆ 1975 ఉత్తర్వును సవరించి, విభజన తేదీ నుంచి మూడేళ్ళలో తెలంగాణ నుంచి అటు పోయిన కుటుంబాల పిల్లలను అక్కడి లోకల్‌గానే లెక్కిస్తామన్నారు. ఆ గడువును తర్వాత పెంచారు కూడా. బావ మనవడు తహసీల్దారు దగ్గర ఆ సర్టిఫికెట్ తీసుకుని, ఫొటో తీసి నాకు ఫోన్లో పంపాడు. బావ అప్పటికి మంచంలో ఉన్నాడు. నేను ఫోన్ చేస్తే, "ఏరా, మావాడికి మూడు వారాల్లో చేతికిచ్చారు, కోర్టు మెట్లెక్కకుండా" అన్నాడు.